మీకు తెలుసా? పడవలోకి చేతి దిక్సూచి కొనేముందు

తెరచాప పడవల్లో మామూలుగా రెండు దిక్సూచులుంటాయి. చుక్కాని పట్టేవాళ్ల ముందు బిగించి ఉండేది ఒకటి. పడవ ముక్కు ఎటు ఉందో చెప్పడమే దాని పని. రెండోది గుప్పిట్లో ఇమిడేది. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని దూరాన ఉన్న లైట్‌హౌస్‌నో, కొండనో, ఎదురొస్తున్న ఓడనో చూస్తే, అది మనకు ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉందో అంకె కనిపిస్తుంది. ఆ అంకెను బేరింగ్ అంటారు. ఆ పరికరమే హ్యాండ్ బేరింగ్ కాంపాస్. కొనబోయేవాళ్లు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత డిగ్రీల గీతలు ఎంత సన్నగా ఉన్నాయో చూస్తారు. నన్నడిగితే ఆ రెండూ ఆఖర్న చూడాల్సినవి. మీ పడవ దేనితో చేసింది, మీరు తిరిగేది భూగోళం మీద ఏ మూల, మీ కళ్లకు వయసెంత... ముందు తేల్చుకోవాల్సినవి ఇవి.

● నాటికల్ మైలంటే 1852 మీటర్లు. అంత దూరాన ఉన్న గుర్తుకు తీసిన బేరింగ్‌లో ఒక డిగ్రీ తప్పితే సముద్ర చార్టు మీద ఆ బేరింగ్‌తో మనం గీసే గీత పక్కకు జరిగేది 32 మీటర్లే. అదే గుర్తు 5 మైళ్ల దూరాన ఉండి, 5 డిగ్రీలు తప్పితే మాత్రం తేడా 800 మీటర్లు దాటుతుంది. గట్టు మీద స్థిరంగా నిలబడి చూస్తే మంచి కాంపాస్‌తో ఒక డిగ్రీ దాకా చదవొచ్చు. అలల మీద ఎగిరిపడే చిన్న పడవలో రెండు మూడు డిగ్రీల తేడాతో చదవగలిగితే గొప్పే. అందుకే అర డిగ్రీకొక గీత ఉందని ఎక్కువ డబ్బు పోయడం దండగ. చూడాల్సింది అంకెల చక్రం ఎంత త్వరగా కుదురుకుంటుందన్నది. అలవాటైన నావికులు ఒక్క అంకె కోసం పట్టుబట్టరు. చక్రం 282కీ 290కీ మధ్య ఊగుతోందంటే 286 అని రాసేసుకుంటారు.

● ఆ చక్రం ఊగులాటను అణచడానికే లోపల ద్రవం నింపుతారు. ద్రవం నింపిన దిక్సూచికి ఇంగ్లండ్‌లో 1813లోనే పేటెంట్ తీసుకున్న ఫ్రాన్సిస్ క్రో వృత్తికి వెండి కంసాలి.

● దిక్సూచి ముల్లు ఉత్తరానికే కాదు, నేలకేసి కూడా చూస్తుంది. భూమి అయస్కాంత రేఖలు అయస్కాంత ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా నేలలోకి దిగుతాయి. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర నేలకు సమాంతరంగా సాగుతాయి. ఈ వాలును డిప్ అంటారు. లండన్‌లో అది సుమారు 66 డిగ్రీలు. మన దేశం దక్షిణపు కొసన దాదాపు సున్నా. 1963 నవంబరు 21న మన గడ్డ మీంచి తొలి పరిశోధక రాకెట్ ఎగిరిన తుంబను ఏరికోరి ఎంచుకున్నది కూడా అయస్కాంత భూమధ్యరేఖ దాని చేరువ నుంచే పోతుందనే.

ఈ డిప్‌కూ కాంపాస్ కొనడానికీ సంబంధం ఉంది. ఉత్తర యూరప్‌ కోసం చేసే కాంపాస్‌లో ముల్లు ఉత్తరపు కొస కిందికి వాలిపోకుండా దక్షిణం వైపు పిసరంత బరువు చేరుస్తారు. దాన్ని మన వైపు తెస్తే కిందికి లాగే బలం తగ్గుతుంది, చేర్చిన బరువు మాత్రం అలాగే ఉంటుంది. దాంతో ముల్లుతో కలిసి తిరిగే చక్రం దక్షిణం వైపు ఒరుగుతుంది. ఆస్ట్రేలియా తీసుకెళితే మరీ ఘోరం. అక్కడ ఉత్తరపు కొస పైకి లేస్తుంది కాబట్టి ఒరుగుడు రెట్టింపవుతుంది. ఒరిగిన చక్రం పైనున్న గాజుకు రాసుకుందంటే తిరగదు. తిరిగినా తప్పు అంకె దగ్గర ఆగి, ఏమీ ఎరగనట్టు నిశ్చలంగా ఉంటుంది. స్వీడన్‌లో పుట్టిన సిల్వా కంపెనీ ఇందుకే ప్రపంచాన్ని ఎంఎన్, ఎంఈ, ఎంఎస్ అని మూడు మండలాలుగా విడదీసి దేనికి తగ్గ ముల్లు దానికి పెడుతుంది. కొన్ని కంపెనీలు ఎక్కడైనా పనిచేసే గ్లోబల్ ముల్లు కూడా అమ్ముతున్నాయి. సంక్రాంతికి వస్తున్న అమెరికా బావమరిదికి ఒక కాంపాస్ తెమ్మని చెప్పేముందు ఈ ఒక్క వివరం కనుక్కోమనండి.

● ముల్లు చూపే ఉత్తరం, పటం మీది ఉత్తరం ఒకటి కాదు. ఆ తేడా ఊరికో రకంగా ఉండటమే కాదు, ఏడాదికేడాది మారుతూ ఉంటుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 24 డిగ్రీలు పడమరగా చూపేది. 2019లో గ్రీనిచ్ దగ్గర ఆ తేడా సున్నా అయింది. సుమారు 360 ఏళ్లలో అలా అవడం అదే మొదటిసారి. ఆంధ్ర తీరంలో ఈ తేడా రెండు డిగ్రీల లోపే కాబట్టి మనకు పెద్ద బాధ లేదు. సముద్ర చార్టు మీద ముద్రించే దిక్కుల చక్రంలో ఆ ఏటి తేడా, ఏటేటా మారే లెక్క రెండూ రాసి ఉంటాయి.

● విశాఖకు ఎదురుగా తీరానికి ఐదారు మైళ్ల దూరంలో ఉన్నారనుకోండి. పడమటి దిక్కున డాల్ఫిన్స్ నోస్ కొండ, వాయవ్యాన కైలాసగిరి, ఉత్తరాన భీమిలి. మూడింటికీ బేరింగ్ తీసి చార్టు మీద మూడు గీతలు గీశారు. పాఠ్యపుస్తకంలో ఆ మూడూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. పడవలో కలవవు, మధ్యన చిన్న త్రికోణం మిగిలిపోతుంది. మన పడవ ఆ త్రికోణంలోనే ఎక్కడో ఉందని ఎవరైనా అనుకుంటారు. లెక్క చూస్తే అలా లేదు. ఒక్కో బేరింగ్ అసలుదానికి ఎడమకు తప్పొచ్చు, కుడికి తప్పొచ్చు. రెండింటికీ సమానావకాశం ఉందనుకుంటే మూడు గీతలకూ కలిపి తప్పులు ఎనిమిది రకాలుగా కుదురుతాయి. వాటిలో పడవ త్రికోణం లోపల పడేది రెండే రెండింట్లో. అంటే పాతిక శాతం. మిగతా డెబ్బై అయిదు శాతం పడవ ఆ త్రికోణం బయటే ఉంటుంది!

ఇంకో చిక్కుంది. కాంపాస్ మూడుసార్లూ ఒకే వైపుకు, ఒకే మోతాదులో తప్పుతోందంటే, మన తీరంలోలాగా గుర్తులన్నీ ఒక పక్కనే ఉన్నప్పుడు, పడవ తప్పకుండా త్రికోణం బయటే ఉంటుంది. అందుకే ముదురు నావికులు త్రికోణం మధ్యన చుక్క పెట్టరు. రాళ్లకో, లోతు తక్కువ చోటుకో దగ్గరగా ఉన్న మూలను తీసుకుని, అక్కడే ఉన్నామనుకుని జాగ్రత్త పడతారు.

● చత్వారం వచ్చినవాళ్లు కొనాల్సిన కాంపాస్ వేరు. చేతి కాంపాస్‌లలో పాతకాలం నుంచీ వస్తున్న రకానికి పిస్తోలు పిడి లాంటి పట్టు ఉంటుంది. చెయ్యి చాచి పట్టుకుని, పైనున్న గాడిలోంచి గుర్తును చూసి, కింద అంకె చదవాలి. చూపు గుర్తు మీద నిలిపితే అంకె మసకేస్తుంది, అంకె మీద నిలిపితే గుర్తు జారిపోతుంది. రెండో రకం గుండ్రంగా, చుట్టూ రబ్బరు తొడుగుతో, క్యారమ్ స్ట్రైకర్‌ను నాలుగింతలు లావు చేసినట్టు ఉంటుంది. ఫ్రెంచి కంపెనీ ప్లాస్టిమో చేసే ఐరిస్ 50 ఈ కోవలోదే. దీన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంటారు. లోపలి పట్టకం అంకెను ఎక్కడో అనంత దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి, దూరపు లైట్‌హౌసూ దాని కింది అంకే ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. కళ్లజోడు తీసి పెట్టుకునే బాధ ఉండదు. మెడలో తాడుకు వేలాడుతుంది, అలకు జారి కిందపడినా రబ్బరు కాచుకుంటుంది. పిస్తోలు రకానికీ ఒక సుగుణం లేకపోలేదు. అంకెలు పెద్దవి, పైగా చుక్కాని దగ్గరి కాంపాస్ పాడైతే దీన్ని ఎదురుగా బిగించి పడవ నడపొచ్చు. అయినా ఒక్కటే కొనేట్టయితే నా ఓటు గుండ్రటిదానికే.

● కాంపాస్‌ను కంటికి దగ్గరగా తెచ్చామంటే కళ్లజోడుకూ దగ్గరగా తెచ్చినట్టే. ఉక్కు ఫ్రేమ్ అయితే ముల్లును కొన్ని డిగ్రీలు లాగేయగలదు. టైటానియం ఫ్రేమ్‌తో, ప్లాస్టిక్ ఫ్రేమ్‌తో ఆ గొడవ లేదు, లోపలి స్క్రూలూ స్ప్రింగులూ మాత్రం అనుమానించదగ్గవే. ఇక జేబులో కత్తి. పడవ తీగలకు వాడే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటదు. కత్తి అలుగును చేసేది గట్టిపడే వేరే రకం ఉక్కుతో, అది చక్కగా అంటుకుంటుంది. రాత్రిపూట అంకె చదవడానికి టార్చి వేస్తే అందులోని బ్యాటరీల తొడుగు ఉక్కే. రేడియో స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. ఫోన్‌లో ఉంటుంది, దాని కవరు మూతలో కూడా ఉండొచ్చు.

చుక్కాని దగ్గరి కాంపాస్ ఒకేచోట ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న ఇనుము వల్ల వచ్చే తప్పును ఏ దిక్కుకు ఎంతో లెక్కగట్టి పట్టిక రాసుకోవచ్చు. ఆస్ట్రేలియా తీరాన్ని పటమెక్కించిన మాథ్యూ ఫ్లిండర్స్ ఆ తప్పును సరిచేసే మార్గం వెతికాడు, ఓడ దిక్సూచి పక్కన నిలబెట్టే ఇనుప కడ్డీకి ఇప్పటికీ ఆయన పేరే. చేతిలో పట్టుకుని తిరిగేదానికి పట్టిక రాయడం కుదరదు. ఇంజనుకు దూరంగా, ఇనుము లేని చోటొకటి వెతుక్కుని ఎప్పుడూ అక్కడే నిలబడి చూడాలి. ఫైబర్‌గ్లాస్ పడవలో, చెక్క పడవలో అలాంటి చోటు దొరుకుతుంది. పడవంతా ఉక్కుదైతే చేతి కాంపాస్ మీద ఎక్కువ ఖర్చు పెట్టకపోవడమే మంచిది.

ఇది సముద్రానికే పరిమితమైన జబ్బు కాదు. ఇంటి స్లాబు మీద కాంపాస్ పెట్టి ఈశాన్యం ఎటో తేల్చే వాస్తు పండితులను చూస్తే నాకు ఆ స్లాబులోని ఇనుప చువ్వలే గుర్తొస్తాయి.

● తప్పు చూపే కాంపాస్‌తో కూడా ఒక సంగతి సరిగ్గా తెలుసుకోవచ్చు. పడవ దిక్కు మార్చకుండా, నిలబడ్డ చోటు మార్చకుండా రెండు గుర్తులు చూస్తే రెండింట్లోనూ తప్పు ఒకటే కాబట్టి తీసివేతలో అది పోతుంది. ఆ రెంటి మధ్య కోణం మాత్రం ఖాయం.

● సముద్రం మీద ఢీకొనే ప్రమాదాన్ని పసిగట్టడానికి అంతర్జాతీయ నిబంధనల్లోనే చేతి కాంపాస్‌కు తగిన పని ఉంది. 1972 నాటి ఆ నిబంధనల్లో ఏడోది ఇలా అంటుంది: దగ్గరకొస్తున్న ఓడ కాంపాస్ బేరింగ్ చెప్పుకోదగ్గంతగా మారకపోతే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే లెక్క. అంకె పెరుగుతుంటే అది ఒకవైపుగా, తగ్గుతుంటే ఇంకోవైపుగా తప్పుకుపోతోందని. అంకె అలాగే ఉండి ఓడ మాత్రం పెద్దదవుతుంటే లేచి చుక్కాని పట్టుకోవాలి. 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే సరుకు ఓడకు 5 నాట్ల పడవ ఎదురెళితే మధ్యనున్న 5 మైళ్లు కరిగిపోవడానికి పట్టేది 12 నిమిషాలే. ఓడ మరీ భారీదైతేనో, మరీ దగ్గరగా ఉంటేనో బేరింగ్ మారుతున్నా ప్రమాదం ఉండొచ్చని అదే నిబంధన హెచ్చరిస్తుంది. ఓడ ముక్కు నుంచి తోక దాకా చాలా పొడవు మరి!

ఈ పని చుక్కాని దగ్గరి కాంపాస్ చేయలేదా అంటే, తెరచాప చాటున ఉన్న ఓడను అది ఎలా చూడగలదు? చేతి కాంపాస్‌ను చాప కింది నుంచి కనిపించే చోటికి తీసుకెళ్లొచ్చు.

● గుర్తు ఒక్కటే కనిపిస్తోందా? అదీ చాలు. పడవ సాగే దిక్కుకూ లైట్‌హౌస్‌కూ మధ్య కోణం 30 డిగ్రీలున్నప్పుడు గడియారం చూసుకోండి. దిక్కు మార్చకుండా సాగి, ఆ కోణం 60 అయ్యాక మళ్లీ చూసుకోండి. ఈలోగా మీరెంత దూరం ప్రయాణించారో లైట్‌హౌస్ మీకు ఇప్పుడు సరిగ్గా అంతే దూరంలో ఉంటుంది. హైస్కూల్లో చదివిన సమద్విబాహు త్రిభుజమే ఇది. 45కూ 90కూ ఇదే లెక్క. నీటిలో ప్రవాహం ఉంటే మాత్రం లెక్క చెడుతుంది.

● కాంపాసే అక్కర్లేని పద్ధతి ఒకటుంది, కచ్చితత్వంలో దాన్ని ఏ కాంపాసూ అందుకోలేదు. ఒడ్డునున్న రెండు గుర్తులు ఒకదాని వెనుక ఒకటి ఒకే వరుసలోకి వస్తే మనం ఆ గీత మీదే ఉన్నట్టు. చేపలు దొరికే చోటును కొండ, తాటిచెట్టు, గుడి గోపురం వరుస చూసి గుర్తుపెట్టుకునే మత్స్యకారులు వాడేది ఇదే. కాంపాస్ కొన్నాక దాన్ని పరీక్షించడానికీ ఇంతకంటే మంచి దారి లేదు. ఆ రెండు గుర్తులను కలిపే గీత దిక్కు చార్టులో కొలిచి, మీ కాంపాస్ ఏం చెబుతోందో పోల్చుకోండి.

● గుర్తునూ అంకెనూ ఒకేసారి చూపే పట్టకం దిక్సూచి కథలో మద్రాసు ప్రస్తావన ఉంది. 1812లో దానికి లండన్‌లో పేటెంట్ తీసుకున్నవాడు చార్లెస్ ష్మాల్కాల్డర్. కానీ ఆ ఆలోచన చేసినవాడన్న పేరు హెన్రీ కేటర్‌కూ ఉంది. ఆయన అంతకుముందు విలియం లాంబ్టన్ దగ్గర మద్రాసు ప్రాంతపు త్రికోణమితి సర్వేలో పనిచేసిన సైనికాధికారి. తర్వాత దిక్సూచి ముల్లుకు ఏ ఉక్కు, ఏ ఆకారం మేలో తేల్చడానికి ప్రయోగాలు కూడా చేశాడు.

● కొన్ని కాంపాస్‌లు బ్యాటరీ లేకుండానే రాత్రంతా వెలుగుతాయి. లోపలి చిన్న గాజు గొట్టంలో ట్రిటియం వాయువు ఉంటుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. కాబట్టి పాతది చవగ్గా దొరికిందని కొనేముందు తయారైన సంవత్సరం చూడండి. పాతికేళ్ల నాటిదైతే వెలుగు పావువంతే మిగిలి ఉంటుంది. టార్చి వేస్తే కాసేపు మెరిసే పూత రకం కూడా ఉంది. అది చౌక, కానీ గంటగంటకూ మళ్లీ వెలుగు చూపించాలి.

● బైనాక్యులర్స్‌లోనే కాంపాస్ ఉండేవి వస్తున్నాయి. పడవల కోసం చేసేవి ఎక్కువగా 7×50. ఏడు రెట్లకు మించి పెద్దదిగా చూపిస్తే చేతి వణుకు, పడవ ఊపు కూడా అన్ని రెట్లు పెద్దవై ఏదీ నిలవదు. దూరాన నీటి మీద తేలే బోయా మీది అంకె చదవాలంటే వీటిని మించినవి లేవు. కాకపోతే కిలో బరువు, రెండు చేతులూ కావాలి. పడవ ఊగేటప్పుడు ఒక చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాల్సిందే కదా.

● ఫోన్‌లోనూ కాంపాస్ ఉంది, నిజమే. అది ఫోన్ ఎంత వాలిందో తెలుసుకుని అంకెను సరిదిద్దుకుంటుంది. ఆ వాలు తెలుసుకునే సెన్సర్ పడవ అల మీంచి కిందికి దూకినప్పుడు వాలుకూ కుదుపుకూ తేడా పట్టలేదు. తడి వేళ్లకు తెర పలకదు. జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? 2017 జూన్‌లో నల్లసముద్రంలో నొవొరొస్సీస్క్ రేవు దగ్గరున్న ఓడలు కొన్ని, తాము ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్టు జీపీఎస్ తెర మీద చూసుకున్నాయి. అలాంటప్పుడు కిటికీలోంచి కనిపించే లైట్‌హౌస్‌ను నమ్ముకోక తప్పదు.

● హుస్సేన్‌సాగర్ సెయిలింగ్ పోటీల్లాంటి వాటిలో ఈ కాంపాస్ పోటీదారుల కంటే నిర్వాహకుల చేతిలోనే ఎక్కువ తిరుగుతుంది. స్టార్టింగ్ లైన్ గాలికి అడ్డంగా ఉండాలి. గాలి 240 డిగ్రీల నుంచి వీస్తోందనుకోండి, నిర్వాహకుల పడవ నుంచి చూస్తే అవతలి కొసనున్న బోయా 150 దగ్గర కనపడాలి. అటూ ఇటూ అయితే ఒక కొసన బయలుదేరినవాళ్లకు మొదటి నిమిషంలోనే లాభం, రెండో కొసన ఉన్నవాళ్లకు ఒడ్డుకొచ్చాక ఫిర్యాదు చేయడానికి సాకు.

● లంగరు వేసి నిద్రపోయేముందు ఒడ్డు మీది రెండు దీపాల బేరింగ్ రాసుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా సరిచూసుకుంటే లంగరు జారుతోందో లేదో తెలిసిపోతుంది.

● చేతి కాంపాస్‌లోనూ అయస్కాంతమే ఉంటుంది కాబట్టి దాన్ని చుక్కాని దగ్గరి కాంపాస్ పక్కన పెడితే రెండూ తప్పు చూపిస్తాయి. కనీసం మీటరున్నర దూరంలో చోటు చూడండి. ఆటోపైలట్ సెన్సర్ కూడా ఒక దిక్సూచే, అది ఏ అలమరలో ఉందో కనుక్కోండి.

● ద్రవంలో చిన్న గాలిబుడగ కనిపిస్తే కంగారు అక్కర్లేదు. చలికో, విమానంలో రావడం వల్లో అది పుట్టొచ్చు. బుడగ చక్రానికి అడ్డుపడుతున్నా, వారం వారం పెరుగుతున్నా ద్రవం ఎక్కడో కారుతున్నట్టు.

● కొట్లో కొనేటప్పుడు అక్కడే చూసి మురిసిపోవద్దు, చుట్టూ ఉన్నవి ఇనుప ర్యాకులు. వీధిలోకి తీసుకెళ్లి, కరెంటు స్తంభాలకూ బళ్లకూ దూరంగా నిలబడి దూరపు గుర్తొకటి చూసి అంకె చదవండి. ఒక ఇనుప తాళంచెవి దగ్గరకు తెచ్చి ముల్లును పక్కకు లాగి, తాళంచెవి తీసేయండి. చక్రం మళ్లీ అదే అంకె దగ్గర ఆగాలి. డిగ్రీ రెండు డిగ్రీలు ఇవతలే ఆగిపోతే లోపలి మొన అరిగిపోయిందని. తర్వాత పరికరాన్ని పదిహేను ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఒంచండి, చక్రం ఎక్కడా పట్టేయకూడదు. ఆఖర్న, మీరు చూసిన గుర్తు దగ్గరకు నడిచి వెళ్లి, ఇందాక నిలబడ్డ చోటును వెనక్కి చూడండి. రెండు అంకెల మధ్య సరిగ్గా 180 తేడా రావాలి. ఇంత తతంగానికి కొట్టువాడు ఒప్పుకోకపోతే ఇంకో కొట్టు చూసుకోండి.